పది నెలలు బోటే ఇల్లు: విశాఖ మరబోట్ల మీద నీళ్లు, నిద్ర, నిప్పు

బోటు మీద బతుకు అనగానే అందరూ కెరటాల గురించి అడుగుతారు. కెరటం కళ్లకు కనిపిస్తుంది, చెవులకు వినిపిస్తుంది. దాని రాకను బట్టి సరంగు బోటును తిప్పుకుంటాడు. మనుషుల్ని దెబ్బతీసేవి ఎక్కువగా చప్పుడు లేనివి: ఎవరూ చూడకుండా తగ్గిపోయే మంచినీళ్లు, అడుగున ఊరే ఉప్పునీరు, కిందకు దిగి కూర్చునే గ్యాసు, రోజురోజుకూ కరువయ్యే నిద్ర. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోట్లలో వేటకెళ్లేవాళ్లు ఒక్కో వేటకు రెండేసి వారాలు, ఒక్కోసారి మూడు వారాలు కూడా సముద్రం మీదే ఉంటారు. వచ్చి సరుకు దింపి, ఐసు, డీజిలు ఎక్కించుకుని మళ్లీ బయల్దేరతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం తీసేస్తే మిగతా పది నెలలూ బోటే ఇల్లు. కొత్తగా కళాసీగా ఎక్కబోయే కుర్రాళ్లకీ, వాళ్లను పంపే ఇంట్లోవాళ్లకీ, బోటు కొందామనుకునేవాళ్లకీ పనికొచ్చేలా ఆ ఇల్లు ఎలా నడుస్తుందో రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మంచినీళ్లు. ఏడుగురు మనుషులు, 20 రోజుల వేట అనుకుందాం. ఎండలో వల లాగే మనిషికి తాగడానికే రోజుకు 4 లీటర్లు కావాలి. అంతకంటే తగ్గిస్తే తలనొప్పి, మూత్రంలో మంట మొదలవుతాయి. వంటకు తలా 2 లీటర్లు. ఒంటి మీద ఉప్పు కడుక్కోవడానికి ఇంకో 4. మొత్తం మనిషికి 10, ఏడుగురికి 20 రోజులకు 1,400 లీటర్లు. ఇంజిను చెడి నాలుగు రోజులు ఆలస్యమైనా, వాతావరణం బాగోక వేరే రేవులో తలదాచుకోవాల్సి వచ్చినా సరిపోవాలంటే ఇంకో మూడోవంతు వేసుకోవాలి. అంటే దాదాపు 1,900 లీటర్లు. ఐసుకి చోటు చాలడం లేదని ఈ అదనంలో కోత పెడుతుంటారు. ఇది అస్సలు చేయకూడని పని. డీజిలు అయిపోతే పక్క బోటు తాడు కట్టి లాక్కొస్తుంది. నీళ్లు అయిపోతే పక్క బోటువాళ్ల దగ్గర వాళ్లకు సరిపడానే ఉంటాయి.

ఆ నీళ్లన్నీ ఒకే ట్యాంకులో పోయొద్దు. 500 లీటర్ల నల్ల ట్యాంకులు నాలుగు పెట్టుకుంటే ఒకదాంట్లో ఉప్పునీరు పడినా మిగతావి దక్కుతాయి. తెల్ల ట్యాంకు వద్దు, వెలుతురు సోకితే పాచి పడుతుంది. నాలుగూ కలిసి రెండు టన్నుల బరువు కాబట్టి బోటుకు అటూ ఇటూ సమంగా, వీలైనంత కింద ఉండాలి. వాడేటప్పుడు ఒక ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, తర్వాత అవతలి వైపుది మొదలుపెట్టాలి. నాలుగింటినీ సగం సగం ఉంచితే లోపలి నీళ్లు బోటు ఊగినప్పుడల్లా ఒక పక్కకు పరుగెత్తి ఆ ఊపును పెంచుతాయి. నింపే ముందు పైపులోంచి వచ్చే మొదటి నీళ్లు పారబోయండి. ఎండలో పడి ఉన్న పైపులో ఏముంటుందో ఎవరికీ తెలీదు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు మగ్గులో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రం ట్యాంకులో పోసి, గంట ఆగి తాగాలి. మూత తీసి నెలలు దాటిన బ్లీచింగ్ పౌడరులో సత్తువ ఉండదు. అది వేశామన్న ధైర్యమే గానీ పని జరగదు.

సముద్రపు నీటితో చాలా పనులు జరుగుతాయి. గిన్నెలు తోమొచ్చు, ఒళ్లు కడుక్కోవచ్చు. సబ్బు బిళ్ల నురగ రాదు, గిన్నెలు తోమే లిక్విడ్ అయితే వస్తుంది. గంజి వార్చే అన్నానికి ఎసట్లో నాలుగు పాళ్లకు ఒక పాలు సముద్రపు నీరు పోసుకుంటే ఉప్పు వేయక్కర్లేదు, మంచినీళ్లూ మిగులుతాయి. అత్తెసరు పెడితే మాత్రం ఉప్పు కషాయమే. ఇది ఒడ్డుకు దూరంగా ఉన్నప్పటి మాట. హార్బరు నీటిలో డీజిలు, ఊరి మురుగు కలిసి ఉంటాయి, దాంతో డెక్కు తప్ప ఇంకేమీ కడగొద్దు. బట్టలు ఉప్పునీటిలో ఉతికితే ఎండినట్టే ఎండి సాయంత్రానికి చెమ్మగిల్లుతాయి, ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆ బట్టలతోనే గజ్జల్లో ఒరుపులు, తామర మొదలవుతాయి. చివరి జాడింపు ఒక్కటైనా మంచినీళ్లతో ఉండాలి.

ఇక లోపలికి రాకూడని నీరు. ఇంజిను గదిలో, నీటి కింద తిరిగి బోటును నడిపే ఫ్యాను షాఫ్టు బోటు బయటకు వెళ్లే చోట గ్లాండు ఉంటుంది. ఒక గొట్టం, దాని లోపల షాఫ్టు చుట్టూ గ్రీజు పట్టించిన తాడు చుట్లు, వాటిని నొక్కి పట్టే బిళ్ల, దానికి రెండు నట్లు. షాఫ్టు తిరిగేటప్పుడు అక్కణ్నుంచి నిమిషానికి పది చుక్కల దాకా పడాలి. ఆ చుక్కలే తాడును చల్లగా ఉంచుతాయి. చుక్క కూడా పడకూడదని బిగించేస్తే తాడు మాడుతుంది, షాఫ్టు మీద గాడి పడుతుంది. ఆ తర్వాత ఎంత బిగించినా ధార ఆగదు. బిగించాల్సి వస్తే రెండు నట్లనూ సమంగా, ఒక్కోసారి ఒక్కో పలక (నట్టు ఆరు పక్కల్లో ఒకటి) చొప్పున తిప్పి, పది నిమిషాలు ఇంజిను నడిపి, ఆపాక గొట్టం మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేకపోతే వెంటనే ఒక పలక వదలాలి. తాడు మార్చేటప్పుడు ఒకే పొడుగు ముక్కను స్ప్రింగులా చుట్టేసేవాళ్లున్నారు. నీరు ఆ మెలికల వెంబడే లోపలికి వచ్చేస్తుంది. విడివిడి చుట్లుగా, కొసలు ఏటవాలుగా కోసి, ఒక చుట్టు అతుకు మీద ఇంకో చుట్టు అతుకు రాకుండా పెట్టాలి.

కర్ర బోటు ఎంతో కొంత ఊరుతుంది. ఎంత ఊరుతోందన్నది ముఖ్యం. రెండు గంటలకోసారి అడుగునీరు చూసి, ఎంత ఎత్తుందో కర్ర మీద గీతతో కొలిచి, చూసిన టైముతో సహా పలక మీద రాసిపెట్టాలి. నిన్నటికంటే ఇవాళ రెట్టింపు అయితే చెక్కల సందుల్లో కుక్కిన దూది ఎక్కడో లేచింది, లేదా పైపు వదులైంది. అంగుళం వెడల్పు రంధ్రం నీటి మట్టానికి మీటరు కింద పడితే నిమిషానికి 70 నుంచి 80 లీటర్లు లోపలికి వస్తాయి. చేతిపంపు ఒక్కదానితో ఒక మనిషి దాన్ని ఎంతోసేపు తోడలేడు. అందుకే బోటు అడుగు నుంచి బయటకు పోయే ప్రతి పైపు దగ్గరా, దానికి సరిపడే కర్ర బిరడా ఒకటి తాడుతో కట్టి వేలాడుతూ ఉండాలి. చీకట్లో, మోకాలి లోతు నీటిలో బిరడా వెతుక్కునే టైము ఉండదు. ఇంకో మాట: పంపులున్నా బోటు మునగడానికి ఒక కారణం, పంపు నీరు పీల్చే చోట ఉండే జల్లెడకు అడ్డం పడిన చెత్త. ప్లాస్టిక్ కవరు, పొలుసులు, ఇంజిను తుడిచిన గుడ్డ పీలికలు. జల్లెడను రోజూ చేత్తో తడిమి చూడాలి.

వంట గ్యాసు గాలికంటే బరువు. ఇంట్లో లీకైతే తలుపు తీస్తే గడప దాటి పోతుంది. బోటులో పోవడానికి దారి లేదు, అడుగుకు దిగి అక్కడే ఉంటుంది. తెల్లారి ఎవరో సెల్ఫ్ కొడతారు, ఒక్క నిప్పురవ్వ చాలు. బండ ఎప్పుడూ డెక్కు మీద, నిలువుగా, తాడుతో బిగించి ఉండాలి. వంట అయ్యాక స్టవ్ నాబ్ కాదు, బండ దగ్గరే కట్టేయాలి. పైపులో మిగిలిన గ్యాసు మంటలో ఆరిపోయాక నాబ్ తిప్పాలి. ఉప్పుగాలికి రెగ్యులేటరు లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది, ఏటేటా మార్చడమే మేలు. సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో వారానికోసారి చూడాలి. మూడు పూటలా ఏడుగురికి వండితే రోజుకు ముప్పావు కిలో దాకా గ్యాసు పడుతుంది. 19 కిలోల బండ ఒక వేటకు సరిపోతుంది, ఇంకోటి తోడుగా ఉండాలి.

ఐసు గది విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. చేప కుళ్లిన నీరు అడుగున నిలిస్తే కుళ్లిన గుడ్ల వాసన గల గ్యాసు పుడుతుంది, గదిలో ప్రాణవాయువూ తగ్గుతుంది. మొదట వాసన వస్తుంది. గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు. ఇప్పుడు బాగానే ఉంది కదా అని దిగిన మనిషి అక్కడే కూలిపోతాడు. అతన్ని తీయడానికి ఇంకొకరు, ఆయన కోసం మూడోవాడు దూకడం వల్లే ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పోతుంటారు. మూత తీసి అరగంట గాలి ఆడనివ్వండి, వీలైతే గుడ్డ గొట్టంతో ఫ్యాను గాలి లోపలికి పంపండి. దిగేవాడి నడుముకు తాడు కట్టి, దాని కొస పైన ఒకరు పట్టుకోవాలి. పడిపోతే తాడుతోనే లాగాలి. అన్నదమ్ముడైనా సరే, ఊపిరి బిగబట్టి దూకడం సాయం కాదు.

కరెంటు సంగతి తేలికే గానీ లెక్క తప్పకూడదు. లంగరు వేసి ఇంజిను ఆపిన రోజు చూద్దాం: నాలుగు ఎల్‌ఈడీ దీపాలు 8 గంటలు, 13 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలోంచి వాడిన కరెంటుకు కొలత). బోటు రేడియో, అంటే వీహెచ్‌ఎఫ్ సెట్టు రోజంతా, 12. రెండు చిన్న ఫ్యాన్లు రాత్రంతా, 24. ఏడు ఫోన్లు, 10. లంగరు దీపం, 4. మొత్తం 63. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నుంచి సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తరిగిపోతుంది, అంటే 75. ఒక రోజుకు ఒక బ్యాటరీ. మీటరు 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజిను స్టార్ట్ చేసే బ్యాటరీ మాత్రం వేరుగా ఉండాలి, దానికి ఫోను ఛార్జరు కూడా తగిలించొద్దు. రాత్రి సినిమాలు చూసి, తెల్లారి గాలి లేచాక ఇంజిను తిరక్కపోతే లంగరు మీదే ఆధారం. బ్యాటరీ పెట్టె ఎత్తులో ఉండాలి. ఉప్పునీరు అందులో పడితే క్లోరిన్ వస్తుంది, మూసిన గదిలో అది ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది.

నిద్ర గురించి ఒడ్డున ఎవరూ మాట్లాడరు. బోటు వెనక ఈడ్చే ట్రాల్ వల దించి మూడు నాలుగు గంటలు లాగుతారు. ఎత్తి, సరుకును డెక్కు మీద కుమ్మరించి, రొయ్యా చేపా రకాలవారీగా ఏరి, కడిగి, ఐసులో సర్దేసరికి గంటన్నర. ఈలోగా వల మళ్లీ నీటిలో ఉంటుంది. మిగిలేది రెండు గంటలు. పగలూ రాత్రీ అదే వరస. వారం గడిచేసరికి మనిషి కళ్లు తెరిచే నిద్రపోతాడు, చెయ్యి వల వైరును చుట్టే యంత్రం, విన్చు మీద ఉంటుంది. వేలు తెగినా, చెయ్యి నలిగినా ఎక్కువ భాగం తెల్లవారుజామునే. మనుషుల్ని రెండు జట్లుగా చేసి, ఒక ఎత్తుడు ఒక జట్టుకు పూర్తిగా వదిలేస్తే ఇంకో జట్టుకు ఐదారు గంటల నిద్ర ఒకే దెబ్బలో దొరుకుతుంది. సరుకు ఏరడం కాస్త ఆలస్యమవుతుంది, అవనివ్వండి. విన్చు దగ్గర లుంగీ వద్దు. వైరు లుంగీ అంచును పట్టిందంటే మనిషిని వదలదు.

స్టీరింగు దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకరు మెలకువగా ఉండాల్సిందే. విశాఖ పెద్ద రేవు, రాత్రిళ్లు కూడా ఓడలు వస్తూ పోతూ ఉంటాయి. అంత ఓడ మిమ్మల్ని చూసినా అప్పటికప్పుడు ఆగలేదు. ట్రాల్ లాగుతున్న బోటుకు పైన ఆకుపచ్చ, దాని కింద తెల్ల దీపం, చుట్టూ కనిపించేలా. ట్రాల్ కాకుండా వేరే వలలు వేస్తే పైన ఎరుపు, కింద తెలుపు. ఆ రంగులు చూసే ఓడవాళ్లు మీరేం చేస్తున్నారో గ్రహిస్తారు. అందం కోసం మెరిసే రంగుల సీరియల్ సెట్లు వేలాడదీస్తే అసలు దీపం వాటిలో కలిసిపోతుంది.

చాలా బోట్లకు మరుగుదొడ్డి లేదు. వెనక అంచున తాడు పట్టుకుని కూర్చోవాలి. రాత్రి, నిద్రమత్తులో, ఒంటరిగా. అక్కణ్నుంచి పడిపోయిన మనిషి లేడన్న సంగతి తర్వాతి వల ఎత్తేదాకా తెలీకపోవచ్చు. చెప్పడానికి సిగ్గుపడే విషయం కాదిది, ప్రాణం విషయం. వెనక మూలన నడుమెత్తు ఇనప పైపుతో మూడు వైపులా కడ్డీ కట్టించి, పైన పట్టుకోవడానికి ఒక తాడు, కింద జారని గోనె పట్టా వేస్తే చాలు. ఖర్చు వెల్డింగు పనంత. రాత్రి వెళ్లేవాడు స్టీరింగు దగ్గరున్నవాడికి చెప్పి వెళ్లాలి, వచ్చాక మళ్లీ చెప్పాలి.

తిండికి లోటుండదు, చేప ఎలాగూ ఉంది. బియ్యం మనిషికి రోజుకు అర కిలో, అంటే ఈ వేటకు 70 కిలోలు. ఆకుకూర రెండో రోజుకే పోతుంది, టమాటా వారం నిలుస్తుంది. ఉల్లి, బంగాళాదుంప, కొయ్యని గుమ్మడికాయ చివరిదాకా ఉంటాయి, పాత వల ముక్కలో కట్టి గాలికి వేలాడదీస్తే. కవర్లో ఉంచితే చెమ్మకు కుళ్లుతాయి. నిమ్మకాయలు మరవొద్దు. తెల్లవారుజామున వల ఎత్తాక కాసిన చోడంబలికి (రాగి అంబలికి) సాటి లేదు.

జెల్ల ముల్లు గానీ టేకు చేప తోక ముల్లు గానీ గుచ్చుకుంటే, చర్మం కాలనంత వేడి నీటిలో, అంటే 45 డిగ్రీలకు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఆ చెయ్యి ముంచి ఉంచాలి. ఆ విషం వేడికి చెడుతుంది, నొప్పి తగ్గుతుంది. వేడిని బాగున్న చేత్తో చూసుకోండి, దెబ్బ తగిలిన చెయ్యి వేడిని సరిగ్గా చెప్పదు. టెటనస్ ఇంజెక్షను వేటకు ముందే వేయించుకుని ఉండాలి.

ఒడ్డుకొచ్చి జెట్టీకి కట్టేశాక కూడా బోటు మీద కాపలాకు ఒకరిద్దరు పడుకుంటారు. బోట్లు ఒకదాని పక్కన ఒకటి నాలుగైదు వరసల్లో ఉంటాయి. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బర్‌లో మంటలు లేచి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. డీజిలు, గ్యాసు బండలు ఉన్న బోట్లవి. ఒకదాన్నొకటి తాకుతూ కట్టి ఉన్నాయి. అలాంటప్పుడు ముడులు విప్పే వ్యవధి ఉండదు. ముందొక గొడ్డలి, వెనకొక గొడ్డలి, అందరికీ తెలిసిన చోట పెట్టండి. డీజిలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీటి మీద తేలి పాకుతుంది. మంటలార్పే పొడి సిలిండరు ఇంజిను గది లోపల కాదు, తలుపు బయట ఉండాలి. లోపల ఉంటే మంటలోకి వెళ్లి తెచ్చుకోవాలి. వేటకు నిండా సామాను ఎక్కించిన బోటులో రాత్రి వంట పెట్టుకోవద్దు, కాపలావాళ్లు జెట్టీ మీదే తినేయడం మంచిది.

కట్టే తాళ్లలో వదులు ఉండాలి. విశాఖలో పెద్ద పోటుకూ పాటుకూ తేడా మీటరున్నర దాకా ఉంటుంది, తుఫానులో నీరు ఇంకా పైకి లేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీదికే వచ్చినప్పుడు హార్బర్‌లో కట్టి ఉన్న బోట్లు కూడా మునిగాయి. తాడు అంచుకు ఒరిసే ప్రతిచోటా పాత ఫైర్ హోస్ ముక్క తొడగండి. నైలాను తాడు గాలికి తెగడం కంటే ఒరిసి తెగడమే ఎక్కువ. సముద్రంలో లంగరు వేస్తే లోతుకు ఐదు రెట్లు తాడు, గాలి ఉంటే ఏడు రెట్లు. 20 మీటర్ల నీటిలో 100 నుంచి 140 మీటర్లు. తాడు పొట్టిదైతే లంగరు నేలను తవ్వదు, లేచి ఈడ్చుకుపోతుంది.

రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరికల్లో ఒకటి, రెండు నంబర్లను చిన్నవిగా తీసుకుంటారు. అవి ఊరికి చిన్నవి. వాటి అర్థమే అల్పపీడనం ముదిరి దూరంగా సముద్రంలో ఉందని, అంటే మీరు వెళ్లబోయే వైపే. ఆ హెచ్చరిక ఉన్నంతసేపు ఐసు కరిగినా సరే బయల్దేరొద్దు. మధ్యలో ఉండగా హెచ్చరిక వస్తే దగ్గరి రేవు ఏదైతే దానికే వెళ్లాలి, విశాఖకే రావాలన్న పట్టుదల వద్దు. తీరం నుంచి పది పదిహేను మైళ్లు దాటితే ఫోను మీద ఆశ పెట్టుకోలేం, వీహెచ్‌ఎఫ్ 16వ ఛానెల్ తెరిచే ఉంచాలి. ఫోను అందే దూరంలో కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ఆపదలో గొంతు తడబడుతుంది, మాట మరచిపోతాం. అందుకని ఒక అట్ట మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి సెట్టు పక్కన అతికించండి: మేడే (ప్రాణాపాయంలో ఉన్నామని చెప్పే రేడియో పిలుపు) అని మూడుసార్లు, బోటు పేరు మూడుసార్లు, రిజిస్ట్రేషన్ నంబరు, జీపీఎస్ అంకెలు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నాం, ఏం సాయం కావాలి. చెప్పి, బటన్ వదిలి, వినాలి. జవాబు రాకపోతే మళ్లీ మొదటినుంచి. ఈ అట్ట సరంగు ఒక్కడికే కాదు, వంట చేసే కుర్రాడికి కూడా చదవడం, సెట్టు నొక్కడం రావాలి. సరంగే నీటిలో పడితే పిలవాల్సింది ఆ కుర్రాడే.